కొంగల కింద బొమ్మ

పటమటలో నేను పనిచేసే స్కూలుకి కొత్త పుస్తకాల కట్ట వస్తే విప్పే పని నాదే. మూడో అంతస్తులో, మెట్ల పక్కన చిన్న గది మా లైబ్రరీ. అక్కడ నేనూ పుస్తకాలూ తప్ప ఎక్కువసేపు ఎవరూ ఉండరు కాబట్టే ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను. పోయిన నెల వచ్చిన కట్టలో పదకొండు పుస్తకాలు, అన్నీ చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు, అన్నీ శాంతి గురించే. యుద్ధం వద్దని అట్టముక్కలు పట్టుకుని వీధిలో నడిచే ముసలమ్మలు, పాత హెల్మెట్‌లో పూలమొక్క పెంచే పాప, విరిగిన వంతెనకు చెరోవైపూ నిలబడి అరుచుకునే రెండు ఊళ్ళవాళ్ళు. కాగితం నునుపుగా ఉంది, రంగులు కంటికి హాయిగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి నంబరు వేస్తుంటే నా అరచేతులు చల్లబడటం మొదలుపెట్టాయి.

ప్రిన్సిపాల్ మేడమ్ పైకి వచ్చి, "శాంతి వారం చేస్తున్నామమ్మా. మూడో తరగతికి నువ్వే చదివి వినిపించాలి. ఎప్పుడూ ఈ గదిలో దాక్కుంటే ఎలా?" అన్నారు. "సరే మేడమ్" అన్నాను. నలుగురి ముందు నోరు విప్పాలంటే నాకు భయమన్నది స్కూలంతా ఎరిగిన సంగతే. కానీ చేతులు చల్లబడింది ఆ భయానికి కాదు.

వంతెన పుస్తకం చదివాను. చివరి పేజీలో రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి వంతెన కట్టుకుని, దానిమీదే వరసగా కూర్చుని భోజనాలు చేస్తారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో రెండు జడల పిల్ల మాత్రం చెయ్యి ఎత్తింది. "మిస్, మరి వంతెన ఎవరు విరగ్గొట్టారు?"

"పుస్తకంలో లేదమ్మా."

"ఎవరూ చూడలేదా మిస్?"

"చూస్తే చెప్పేవాళ్ళు కదే" అన్నాడు పక్కనున్న పిల్లాడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

గంట కొట్టారు. పిల్లలు పరుగెత్తారు. నేను ఆ పుస్తకం పట్టుకుని ఖాళీ క్లాసులో చాలాసేపు ఉండిపోయాను. చూసినవాళ్ళు చెబుతారని ఆ పిల్లాడికి ఎంత నమ్మకం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నేను చూశాను. చెప్పలేదు.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి ఆటోలో ఇరవై నిమిషాలు పోతే మా ఊరు. ఒకే ప్రహరీ లోపల రెండు ఇళ్ళు ఉండేవి, మాదొకటి, శేషగిరి బాబాయిదొకటి. నాన్న జంక్షన్‌లోని కాలేజీలో లెక్కలు చెప్పేవారు కాబట్టి ఇద్దరి పొలమూ బాబాయే చేసేవాడు. మా ఇంట్లోనే మేనత్త రాజేశ్వరి, నాన్నకు అక్క, ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. బెజవాడలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో బాంబులు వద్దంటూ బందరు రోడ్డు మీద అట్ట పట్టుకుని నడిచిందట. ఆ ఊరేగింపు ఫోటో ఒకటి ఆమె ట్రంకుపెట్టె మూత లోపల అతికించి ఉండేది. ఫోటో కింద పెట్టె నిండా బొమ్మల పుస్తకాలు. కొన్ని రష్యా నుంచి వచ్చినవి, కొన్ని పాత పుస్తకాల కొట్లో ఏరినవి, సగానికి పైగా ఆమె తన చేత్తో కుట్టి అతికించి పిల్లలతో తయారుచేయించినవి.

ఆ అతికించే జిగురు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మైదాపిండి గంజి కాచి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేది. లేత నీలం రంగులో చిక్కగా ఉండే ఆ గంజి గిన్నె వంటింటి గట్టు మీద చూడగానే నాయనమ్మకు ఒళ్ళు మండేది.

"చట్నీ అనుకుని ఎవరన్నా నాకితే చస్తారే."

"మనింట్లో తిండి దగ్గర పొరపాటు పడేవాళ్ళు ఎవరున్నారమ్మా?"

"నీ తమ్ముడున్నాడుగా."

సాయంత్రం బడి వదిలాక, అరుగు మీద పిల్లలందరినీ కూర్చోబెట్టి అత్తయ్య పుస్తకం చూపించేది. ఆమెకు ఒక పద్ధతి. ప్రతి పిల్లా ఆ పేజీలో తనకు కనిపించిన ఒక్కటి చెబితేనే పేజీ తిప్పేది. ఎవరూ ఇంకొకరు చెప్పింది చెప్పకూడదు. చివరి వంతు నాకొచ్చేసరికి మిగిలేవి చిన్నచిన్నవే కాబట్టి, ఎవరూ చూడనివి చూడటం నాకు అలా అలవాటైంది. ఒక పుస్తకంలో బాంబు పడిన ఊరు ఉండేది. పేజీ అంతా బూడిద రంగు. దాని మూలన ఒక చిన్న చెప్పు, ఒక్కటే. అది చెప్పాల్సి వచ్చింది నేనే. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. "శాంతి పుస్తకమని చెప్పి పిల్లను దడిపించావు" అని నాయనమ్మ తిడితే, అత్తయ్య తడిగుడ్డ నా నుదుటిమీద వేస్తూ, "కాస్త భయం ఉండాలమ్మా. అది లేనివాళ్ళే బాంబులు వేసేది" అంది. ఆమె చెప్పినవాటిలో నేను పూర్తిగా నమ్మింది ఆ మాటే. ఇప్పుడు మా లైబ్రరీకి వచ్చే పుస్తకాల్లో అలాంటి చెప్పులు ఉండవు. పిల్లలు జడుసుకోకుండా జాగ్రత్తగా గీస్తున్నారు. మంచిదే అనుకుంటాను, అనుకుంటూనే మూలలు వెతుకుతాను.

ఆ ఏడు కాలువకు నీళ్ళు ఆలస్యంగా, సగంగా వచ్చాయి. మాది ఎగువ ఊరు, కింద ఇంకో ఊరు. రెండింటికీ ఒకే పిల్లకాలువ. నాలుగు రోజులు మాకు, నాలుగు రోజులు వాళ్ళకు అని వంతులు పెట్టారు. వంతు ప్రకారం తూము దగ్గర నీళ్ళు తిప్పడానికి లస్కరు కోటయ్య ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోకాళ్ళ దాకా బురదతో ఉండే మనిషి. పిల్లలు గట్టు మీద పరుగెడితే "నీళ్ళల్లో పడితే వంతు తప్పిపోద్ది, జాగర్త" అనేవాడు. ఆయన కూతురు పద్మ నా క్లాసే. దిగువ ఊరి పిల్లలు కూడా మా బడికే వచ్చేవాళ్ళు.

అది దిగువ ఊరి వంతులో మూడో రోజు, ఆదివారం. చుట్టాలు వచ్చారని, వాళ్ళ ముందు పద్యం చెప్పమంటారని భయపడి, ఒక పుస్తకం తీసుకుని కాలువ గట్టు మీది నేరేడు చెట్టు వెనక్కి పారిపోయాను. మిట్టమధ్యాహ్నం, గట్టు మీద పిట్ట లేదు. కోటయ్య అన్నానికి ఇంటికి వెళ్ళినట్టున్నాడు. అప్పుడు శేషగిరి బాబాయి సైకిలు మీద మట్టి నింపిన గోనెసంచులు వేసుకుని వచ్చాడు. ఒక్కొక్కటే దిగువ ఊరి తూముకు అడ్డంగా దించాడు. చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడి బాబాయి ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, సంచి ఎత్తినప్పుడు అది ఇంకా వాలింది. నడుముకు ఎర్ర చారల తువ్వాలు. నీళ్ళు కాసేపు ఆగి, సుడి తిరిగి, మా పొలం బోదెలోకి మళ్ళాయి. బాబాయి బోదె పక్కన గొంతుక్కూర్చుని ఆ నీళ్ళను చూశాడు. ఆ ముఖంలో దొంగతనమేమీ లేదు, జ్వరం దిగిన పిల్లను చూసే తండ్రి ముఖంలా ఉంది. ఆ నీళ్ళు వెళ్ళింది మా నారుమడికే. ఆయన నన్ను చూడలేదు.

సాయంత్రానికి దిగువ ఊరివాళ్ళు పాతిక మంది పారలు, కర్రలు పట్టుకుని గట్టు మీదికి వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి కోటయ్య ఒక్కడే నడుము లోతు నీళ్ళలో దిగి సంచులు పీకి ప్రధాన కాలువలోకి తోసేస్తున్నాడు. ఆఖరి సంచి ఆయన చేతుల్లో ఉండగా చూశారు.

"నువ్వే వేసి నువ్వే తీస్తున్నావా? ఎంతకు అమ్ముడుపోయావురా?"

"నేను కాదండీ. అన్నం తిని వచ్చేసరికి ఉన్నాయి."

"ఎవరు వేశారో చెప్పు మరి."

"తెలీదండీ."

మా ఊరివాళ్ళూ చేరారు. వాళ్ళ చేతుల్లోనూ పారలున్నాయి. నేను నాన్న పంచె పట్టుకుని నిలబడ్డాను. ఎవరో కోటయ్యను చెంపమీద కొట్టారు. ఆ చప్పుడుకు రెండు గుంపులూ ఒక అడుగు ముందుకు జరిగాయి. అప్పుడు "ముందు మనిషిని వదలండి, మాట్లాడుకుందాం" అన్న గొంతు బాబాయిది. ఆ రాత్రి నా డైరీలో, ఎరువుల కొట్టువాళ్ళు నాన్నకిచ్చిన పాత డైరీ అది, "ఈ రోజు బెండకాయ వేపుడు. చుట్టాలు వెళ్ళిపోయారు" అని రాసుకున్నాను. నేను ఇప్పటికీ రోజూ డైరీ రాస్తాను, అందుకే డైరీలను నమ్మను.

తర్వాత వారం బడిలో రెండు ఊళ్ళ పిల్లలూ వేరువేరు వరసల్లో కూర్చున్నారు. అత్తయ్యకు అది చూసి నిద్ర పట్టలేదు. మనమే ఒక శాంతి పుస్తకం చేద్దామంది. రెండు ఊళ్ళు, ఒక కాలువ, పదహారు పేజీలు, పదహారు మంది పిల్లలు. ఎవరి ముఖమూ గుర్తుపట్టేలా గీయకూడదు, ఎవరి పేరూ రాయకూడదు. పుస్తకం అయ్యాక హాజరుపట్టీ వరస ప్రకారం ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వెళ్ళాలి. "నీళ్ళకు వంతులున్నప్పుడు పుస్తకానికి ఉండవా?" అని నవ్వింది.

తూము పేజీ నాకు వచ్చింది. సంచులు గీశాను, నీళ్ళు గీశాను. సంచులు వేసే మనిషిని వెనకనుంచి గీశాను, ముఖం లేకుండా, చెప్పినట్టే. కానీ ఎడమ భుజం వాలిపోయింది. నడుముకు ఎర్ర చారల తువ్వాలు పడింది. కావాలని గీశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. నోటితో చెప్పలేనిది చెయ్యి చెప్పిందేమో. లేక చూసినది చూసినట్టు గీయడమే గొప్ప అనుకునే వయసేమో. అత్తయ్య అందరి పేజీలూ పరీక్షగా చూసి నాది మాత్రం చూడలేదు. ఇంట్లో పిల్లనేనని, ఎలాగూ చక్కగా గీస్తానని. ఆ సాయంత్రమే కుట్టి, నీలం గంజితో అట్ట అతికించి, ఆరడానికి రుబ్బురోలు కింద పెట్టేసింది.

పుస్తకం బయల్దేరాకే నాకు భయం పట్టుకుంది. మొదటి రోజు వెళ్ళిన ఇంట్లో ఎవరూ సరిగ్గా చూడలేదు. రెండో రోజు ఇంట్లో ఒక ముసలాయన "సంచులేసేవాడి నడుముకు తువ్వాలు భలే వేశారే" అన్నాడట. ఆ మాట పిల్లలు బడిలో చెప్పుకుంటుంటే నాకు పలక కనిపించలేదు. మూడో రోజు పద్మ వంతు. నాలుగో రోజు దిగువ ఊరి పిల్లాడిది, వాళ్ళ నాన్నే ఆ రోజు కోటయ్యను కొట్టింది. బాబాయి మా ఇంట్లో కాఫీ తాగుతూ నా జడ లాగి "ఏమిటే, అన్నం మానేశావట" అంటే, ఆ వాలిన భుజం మీద పార దిగినట్టు కనిపించింది. చివరికి పద్మ పుస్తకం తీసుకెళ్ళిన సాయంత్రం, గంజి కాస్తున్న అత్తయ్య దగ్గరికి వెళ్ళి, "తూము పేజీలో ఉన్నది బాబాయి" అన్నాను.

అత్తయ్య గరిటె తిప్పడం ఆపింది. "ఎవరు చెప్పారు?"

"చూశాను."

పొయ్యి ఆర్పేసి నా చెయ్యి పట్టుకుని కోటయ్య ఇంటికి నడిపించింది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెంప మీద కమిలిన మచ్చ ఇంకా పోలేదు. భార్య రమణమ్మ నాట్ల పనికి వెళ్ళి రాలేదు. మమ్మల్ని చూడగానే కోటయ్య లేచి, లోపల అటక మీంచి పుస్తకం తీసి రెండు చేతులతో అందించాడు.

"పద్మ ఇంకా చూడలేదండీ టీచరమ్మగారు. నేనే పైన పెట్టాను." నా వైపు చూడకుండానే, "పాప చెయ్యి మంచిదండీ. చూసింది చూసినట్టు వేసింది" అన్నాడు.

ఎప్పుడూ ఎవరి ముందూ తల దించని మనిషి, అత్తయ్య ఆ రోజు పుస్తకం తీసుకుని తల దించుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చాక ఒక తెల్లకాగితం కత్తిరించి, గంజి రాసి, ఆ మనిషి మీద అతికించింది. "ఇక్కడ కొంగలు గీయి" అంది నాకు.

"మరి కోటయ్య?"

"రేపు ఈ పేజీ చూస్తే మీ బాబాయిని చంపుతారే. మనవాళ్ళు వాళ్ళను చంపుతారు. కోటయ్య సంగతి నేను చూస్తాను. గీయి."

నాలుగు కొంగలు గీశాను. కాగితం తడిగా ఉండి పెన్సిలు దిగబడుతుంటే, కింద బాబాయి ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. పుస్తకం దిగువ ఊరికి వెళ్ళింది. అక్కడ అందరికీ నచ్చిందట. ఆ నెలాఖరుకు రెండు ఊళ్ళ పెద్దలూ బడిలో కూర్చున్నారు, పిల్లలు పేజీలు చదివారు, వంతులు మళ్ళీ రాసుకున్నారు. ఒక్క దెబ్బ పడకుండా అయిపోయింది. అదే వారం కోటయ్యను పనిలోంచి తీసేశారు. రోజుకూలీ లస్కరు, ఒక నోటిమాటతో సరిపోయింది. అత్తయ్య పై ఆఫీసరు దగ్గరకు రెండుసార్లు వెళ్ళి ఆయన మంచివాడని చెప్పింది. ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు. సామాన్లు వేసుకున్న ట్రాలీ మీద కూర్చుని పద్మ మా అరుగు ముందునుంచి వెళుతుంటే, అత్తయ్య తలుపు వేసుకుంది. తర్వాత ఆమె పిల్లలతో పుస్తకాలు చేయించడం మానేసింది. రెండేళ్ళ కింద పోయేదాకా ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇది తప్పో ఒప్పో తేల్చడం నాకు చేతకాదు. ఆ కాగితం అతికించకపోతే బాబాయి ఉండేవాడు కాదేమో. ఇప్పుడు ఆదివారాలు పటమటలో మా ఇంటికి సంచి నిండా దొండకాయలు, గోంగూర తెస్తాడు. నా ఫీజు కట్టింది ఆయనే, ఉద్యోగం వచ్చిన రోజు వీధంతా స్వీట్లు పంచింది ఆయనే. శాంతి వారం అయిపోయిన ఆదివారం భోజనం చేస్తూ తనే అన్నాడు. "మన లస్కరు కోటయ్య గుర్తున్నాడా? గన్నవరంలో గోడౌన్ కాపలా కాస్తున్నాడు, మొన్న కనిపించాడు. చిక్కిపోయాడు, పాపం." పాపం అన్నది మనస్ఫూర్తిగానే అన్నాడు. పెరుగన్నం కలుపుకున్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. అప్పటి భయం ఎవరైనా కనిపెడతారేమోనని. ఎవరూ ఎప్పటికీ కనిపెట్టరని ఆ రోజు తెలిసింది. ఈ భయం అంతకంటే పెద్దది.

శనివారం గన్నవరం బస్సెక్కాను. గోడౌన్ వెనక రేకుల గది. కోటయ్యగారు నన్ను గుర్తుపట్టి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. రమణమ్మగారు లోపల బియ్యం ఏరుతున్నారు. బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, "తూము దగ్గర సంచులు వేసింది మీరు కాదని నాకు తెలుసండీ. నేను చూశాను. చెప్పలేదు" అన్నాను.

"నాకూ తెలుసమ్మా" అన్నారాయన మెల్లగా. "సంచుల మూతి మీ ఇంట్లో ఎప్పుడూ నీలం దారంతో కుడతారు. అందుకే వాళ్ళు దగ్గరికొచ్చి చూసేలోపు కాలవలోకి తోసేశాను. పేరు చెబితే ఆ గట్టు మీదే తలకాయలు లేచిపోయేవి. వదిలెయ్యమ్మా. టీ తాగు."

లోపల చేట కింద పెట్టిన చప్పుడైంది. రమణమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ నన్ను చూడలేదు, భర్తనే చూశారు.

"నీకు తెలుసా?"

ఆయన టీ గ్లాసులు కడగడానికి వంగారు.

"మా అన్న మన గుమ్మంలో నిలబడి నిన్ను అమ్ముడుపోయినోడన్నాడు. నేనూ అన్నాను. కోపం వచ్చినప్పుడల్లా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నీకు లెక్కుందా? అన్నప్పుడల్లా నోరు మూసుకుని అన్నం తిన్నావు."

"ఇప్పుడెందుకే అవన్నీ. అయిపోయింది."

"నీకు అయిపోయింది." ఆవిడ నా వైపు తిరిగారు. "ఎవరమ్మా?"

"వద్దమ్మా" అన్నారు కోటయ్యగారు.

"మా బాబాయండీ."

"బాబాయికి పేరు లేదా?"

చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆవిడ గూట్లోంచి ఫోను తీసి, నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. "పద్మా. ఒక మనిషి వచ్చింది. నీకో మాట చెబుతుంది, విను. మీ ఆయన్ని కూడా పిలువు" అని ఫోను నా చేతిలో పెట్టారు. కోటయ్యగారు గుమ్మం దాటి బయటకు వెళ్ళిపోయారు.

"హలో, ఎవరండీ?" అంది పద్మ.

నా పేరు చెప్పాను. తర్వాత బాబాయి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను.